ఆకు తలుపు చాటు ప్రశ్నలు

మొగలి పొద కింద ఒక ఎలుక రెండు గదుల బొరియ తవ్వి, వెనుక గదిని అద్దెకు ఇవ్వదలచింది. వచ్చినవారి ముఖం చూడదు. ఆకు తలుపు చాటు నుండి ప్రశ్నలడిగి, జవాబులు నచ్చితేనే గది చూపుతుంది. అది దాని నియమం.

మొదట కుందేలు వచ్చింది.

"పిల్లలెందరు?"

"ప్రస్తుతానికి ఆరుగురండీ."

"ఆ 'ప్రస్తుతానికి' అన్నదే నాకు నచ్చలేదు. వెళ్లిరండి."

తరువాత ముంగిస వచ్చింది.

"ఏం తింటారు?"

"పాములనండీ."

"శివశివా! ఇది ఆచారం గల ఇల్లు. మాంసాహారులకు ఇవ్వను."

"ఈ పొదలోనే ఒక పాము తిరుగుతోందండీ. నేనుంటే మీకే మేలు."

"గది కోసం బెదిరింపులా? నడవండి!"

సాయంకాలం తలుపు బయట ఒక సన్నని, మర్యాద గల గొంతు వినిపించింది.

"కుటుంబం?" అంది ఎలుక.

"ఒంటరిని."

"చప్పుడు చేస్తారా?"

"నా అడుగుల చప్పుడు ఇంతవరకు ఎవరూ వినలేదండీ."

"వంట?"

"పొయ్యి వెలిగించను. పది రోజులకొక పూట భోజనం. మెతుకైనా కింద పడదు."

ఎలుక పొంగిపోయింది. "ఇంతటి సాత్వికులు దొరకడం నా అదృష్టం. దయచేయండి!" అంటూ ఆకు తొలగించింది. అద్దెకు వచ్చినవారి ముఖం అది చూడడం అదే మొదలు, అదే తుది.

మరునాడు ముంగిస మళ్లీ అడిగి చూద్దామని వచ్చింది. ఆకు తలుపు యథాస్థానంలో ఉంది.

"ఏం తింటారు?" అని లోపలి నుండి ఒక సన్నని గొంతు అడిగింది.

"పాములనండీ."

ఆకు తలుపు లోపలి నుండి మరికాస్త బిగుసుకుంది.

"క్షమించాలి. ఇది ఆచారం గల ఇల్లు. మాంసాహారులకు ఇవ్వరాదని ఇంటివారి నియమం. వారి మాట నేను జవదాటను."