ఇంటిచెవి సాక్ష్యం

ఆ కాలంలో ప్రజాభిప్రాయ సేకరణకు మనుషులు నోరు విప్పే పనిలేదు. ప్రతి ఇంటి గోడకూ ఉండే ఇంటిచెవి ఏడాది పొడవునా విన్న మాటల్లోంచి ఆ ఇంటివాళ్ల మనసులో ఉన్నది తేల్చి చెప్పేది.

రాష్ట్రానికి ఉత్తరపు కొసన, పెన్‌గంగ నది పక్క అడవిలో రాగి గని తవ్వుతామని ఒక కంపెనీ వచ్చింది. సిడాం మోతుబాయి దాన్ని మూడేళ్లు అడ్డుకుంది. పొక్లెయిన్ల ముందు పడుకుంది, జైలుకూ వెళ్లొచ్చింది.

సేకరణ రోజున ఊరంతా బడి ఆవరణలో కూర్చుంది. మొదటి వంతు మోతుబాయి ఇంటిది. స్పీకరులోంచి ఆమె గొంతే వినిపించింది.

"గని రానీ. గనొస్తె రోడ్డేస్తరు. రోడ్డుంటె నా బిడ్డ నొప్పులతోని వాగొడ్డున సచ్చిపోవునా?"

కిందటి వానల్లో, మోతుబాయి పొయ్యి ముందు ఒక్కతే కూర్చుని ఏడుస్తూ అన్న మాటలవి.

ఉద్యమంలో మొదటినుంచీ ఆమె వెంట నడిచిన కుమ్ర భీంరావు పక్కనుంచి గుసగుసగా అన్నాడు. "నావి గావని జెప్పు అక్కా. మిషను అబద్ధం జెప్పిందను."

"ఈ మాటలు మీవేనా అమ్మా?" అని అధికారి అడిగాడు.

ఆమె లేచింది. "బిడ్డ యాదికొచ్చి అన్న సారూ. అడివి పోవాలని కాదు."

"అన్నారా, లేదా?"

"అన్న."

అధికారి 'సమ్మతి' అని నమోదు చేసుకున్నాడు. మోతుబాయి దిక్కుతోచక భీంరావు వైపు తిరిగింది.

తర్వాతి వంతు అతని ఇంటిదే. అతను అప్పటికే రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.