పక్కు కట్టిన గిన్నె

గీత పడినా దానంతటదే మానిపోయే లోహం వచ్చాక ఊళ్లో ఇత్తడి సామాను మాయమైంది. కంచరి ఇంట్లో పుట్టిన వరహాలమ్మకు మాత్రం పాత అలవాటు చావలేదు. కోడలు కొన్న కొత్త గిన్నెను కూడా చింతపండేసి బరబరా తోమింది.

తెల్లారి చూస్తే, మానుతున్న పుండులా గిన్నె లోపలంతా పక్కు కట్టి ఉంది. గోటితో గీరితే మెత్తగా, గోరువెచ్చగా ఊడివచ్చింది. కింద లోహం లేత చర్మంలా నిగనిగలాడుతోంది. ఆమె గిన్నెను దూరంగా తోసేసింది.

"ఛీ ఛీ! ఇందులోనా మనం చారు కాచుకు తాగేది? అవతల పారెయ్యవే హైమా!"

కోడలు నవ్వింది. "పులుపు తగిలితే అది అలాగే పెరుగుద్దండీ అత్తయ్యగారూ. రెండ్రోజుల్లో ఆ పక్కులే రాలిపోతాయి. దీనికే అంత రోతైతే ఎలా? నిరుడు మీ మోకాలికేసిన చిప్ప కూడా ఈ లోహమే కదా!"

వరహాలమ్మ చెయ్యి మోకాలి మీదికి పోయింది.

మధ్యాహ్నం తనకెంతో ఇష్టమైన చింతకాయ పులుసు వడ్డించారు. నాలుగు ముద్దలు తిన్నదో లేదో, మోకాలి లోపల, గోరు అందని చోట, దురద మొదలైంది. ఆ తర్వాత అక్కడే ఏదో మెత్తగా, గోరువెచ్చగా ఊడింది.