అచ్చం చచ్చినట్టే

"ఇది చావా? కడుపునిండా తిని కునుకు తీస్తున్నట్టుంది," అన్నాడు ఆర్ట్ డైరెక్టరు.

తెర మీద శత్రుసైనికుడు మళ్ళీ గోడవారగా కూలబడ్డాడు. బూట్లకి బురద అంటుకుని ఉంది. ఇనప టోపీ మీంచి వాన చినుకులు ఒక్కొక్కటే జారుతున్నాయి. గుండ్లు తగిలిన చోట గోడ సున్నం పొడిపొడిగా రాలుతోంది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, అసలు మనిషే సరిగ్గా చావడం లేదు.

ఆ వీడియో ఆటలో చావులన్నీ తయారుచేసే పని డైరెక్టరు పక్కన నిలబడ్డ ఉద్యోగిది. అందుకే ఆఫీసులో అందరూ అతన్ని చిత్రగుప్తుడనే పిలుస్తారు. పాత ఆటల్లో ఈ ఉద్యోగం ఎంత హాయిగా ఉండేదని! గుండు తగలగానే సైనికుడు రంగురంగుల పొడిగా మారి గాల్లో కలిసిపోయేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇప్పుడు ఆడేవాళ్ళకి రంగులు వద్దట, నిజం కావాలట. నిజం కోసం అతను పాపం పడని పాట్లు లేవు. అద్దం ముందు నిలబడి, గుండె పట్టుకుని తనే కూలబడి చూసుకునేవాడు. ఆటకి శబ్దాలు కూర్చే అమ్మాయి ఒకసారి అది చూసి, నిజంగానే పడిపోయాడనుకుని నీళ్ళ సీసాతో పరుగెత్తుకొచ్చింది.

"సార్, ఇంకొక్క అవకాశం ఇవ్వండి."

"నాదేముందయ్యా? శుక్రవారానికి ఇది కుదరకపోతే పని బయటివాళ్ళకి ఇచ్చేస్తామంటున్నారు పైవాళ్ళు. అప్పుడు నీ కుర్చీ కూడా ఉండదు." డైరెక్టరు గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు, నువ్వెప్పుడైనా మనిషి పోతుంటే చూశావా?"

"లేదు సార్."

"అదీ సంగతి!"

ఈ వయసులో ఇంకో చోట తనని ఎవరు తీసుకుంటారు? వచ్చిన విద్య ఇదొక్కటే. ఆ దిగులుతోనే చిత్రగుప్తుడు ఆఫీసు నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాడు. నాన్న దిండుకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. బస్సు నడిపి నడిపి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి, నోరు మాత్రం ఏమాత్రం పాడవలేదు.

"ఏరా, ఈవేళ ఎంతమందిని చంపావు?"

"ఒక్కణ్ణే నాన్నా. వాడూ సరిగ్గా చావడం లేదు. వాడు చస్తే గానీ నేను బతకను."

"కూటి కోసం కోటి విద్యలన్నారు గానీ, ఇదొకటుందని నాకు తెలీదురా!" నాన్న నవ్వబోయి దగ్గాడు. "పోనీ నన్ను చూసి నేర్చుకో. ఎలాగూ ఖాళీగానే ఉన్నాను."

"ఛ! నోటికేమొస్తే అదేనా?" మంచం పక్కనున్న అక్క కసిరింది. "గండం గడిచిందన్నారు డాక్టరుగారు. ఎల్లుండి ఇంటికెళ్ళిపోదాం."

నాన్నకి కాస్త కునుకు పట్టాక అక్క సంచీ తీసుకుని లేచింది.

"ఒరేయ్, ఇంటికెళ్ళి స్నానం చేసి వచ్చేస్తా. కాస్త నాన్నని కనిపెట్టుకుని ఉండు. ఆయాసమొస్తే క్షణం ఆగకుండా నర్సుని పిలవమన్నారు, గుర్తుందిగా?"

"నువ్వెళ్ళక్కా. రెప్ప కూడా వెయ్యను."

ఆ మాటైతే అతను తప్పలేదు.

అక్క తిరిగొచ్చేసరికి నాన్న ముఖం మీదికి దుప్పటి లాగుతున్నారు. ఆవిడ గుమ్మంలోనే సంచీ వదిలేసింది.

"ఇదేమిట్రా? ఇందాక నవ్వాడు కదరా!"

"నిద్రలోనే పోయాడక్కా. పక్కనే కూర్చున్నాను, నాకే తెలియలేదు."

అక్క తమ్ముడి చొక్కా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కాసేపటికి తనే కళ్ళు తుడుచుకుంది. "పోన్లే, బాధపడకుండా పోయాడు. నువ్వు దగ్గరున్నావు, నాకదే చాలురా." అతని కంట చుక్క నీరు రాలేదు. వచ్చినవాళ్ళంతా జాలిపడ్డారు, పాపం కొడుకు రాయైపోయాడని.

శుక్రవారం చిత్రగుప్తుడు ఆఫీసులో ఉన్నాడు. "సెలవు పెట్టకపోయావా?" అని అడిగినవాళ్ళని దాటుకుంటూ వెళ్ళి పెద్ద తెర వెలిగించాడు.

సైనికుడు కూలబడ్డాడు. అతని ఛాతీ ఎగిరెగిరి పడింది. నోరు తెరుచుకుంది, మాట మాత్రం రాలేదు. కళ్ళు అటూ ఇటూ వెతికి, ఆడుతున్నవాడి ముఖం మీదే ఆగిపోయాయి. ఒక చెయ్యి పక్కన ఏదో తడుముకుంది, తడుముకుంది, చివరికి వేళ్ళు మెల్లగా విడిపోయాయి.

శబ్దాలు కూర్చే అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికెళ్ళిపోయింది. డైరెక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అబ్బ, ఏం చేశావయ్యా! అచ్చం చచ్చినట్టే ఉంది. ఇక నీ కుర్చీకి ఢోకా లేదు. ఎక్కడ చూశావిది?"

జవాబు కోసం ఆగకుండానే డైరెక్టరు ఆ ముక్క మళ్ళీ నడిపించి చూశాడు.

"ఒక్కటే తప్పు. తుపాకీ కుడిపక్కన పడింది. వీడేమో ఎడమపక్క తడుముతున్నాడు. ఆ చెయ్యి ఇటు తిప్పెయ్."

"తిప్పలేను సార్."

"ఏం? ఎడమపక్క ఏముందని?"

"నర్సుని పిలిచే బెల్లు సార్."