సహజ కవచం

“పుట్టుకతో వచ్చిన కవచానికి నాడాలేమిటండీ రామకోటిగారూ?” అన్నారు నరసరాజుగారు, కట్టించుకున్న కవచాన్ని మళ్ళీ విప్పేస్తూ.

భీమడోలులో నాటకం. వరిచేల పని మానుకుని మూడు నెలలుగా పద్యాలు నూరిన నరసరాజుగారు కర్ణుడు. ఏలూరు నుంచి రంగులూ డ్రస్సులూ తెచ్చినవాడు రామకోటి. తెర లేవడానికి గంట కూడా లేదు, ఇప్పుడా ఈ పేచీ?

“ఎప్పుడూ నాడాలే కదండీ కడతాం,” అన్నాడు రామకోటి.

“గుడ్డ కవచానికైతే సరేనండి. మద్రాసు నుంచి ప్లాస్టిక్ కవచం తెప్పించి, వెనకాల చంటిపిల్లాడి చొక్కాలాగా ముళ్ళు వేస్తే ఎలాగండీ? ఇంద్రుడు దానం అడిగితే ముడి విప్పుకుంటూ నిలబడనా? కత్తి పెట్టి కోసి, చర్మం ఒలిచినట్టు ఒలిచి ఇవ్వాలి.”

ఆయన మాటా న్యాయంగానే ఉంది. తోలు పట్టీలకి రివిట్లు కొడదామంటే పల్చటి ప్లాస్టిక్కు, పటుక్కుమంటుంది. ప్రెస్ బటన్లు కుడదామంటే సూది దిగదు. మైదాపిండి జిగురు పెట్రొమాక్సు వేడికీ చెమటకీ రెండు పద్యాలు కాకుండానే జారిపోతుంది. వడ్రంగి చెక్కలకి వాడే వజ్రం జిగురు సలసల కాగితే గాని అంటదు, మనిషి ఒంటికి దాన్నెవడు రాస్తాడు? ఇక ఉన్నది మీసాలు అంటించే జిగురే. అదైతే గట్టిగానే పట్టుకుంటుంది, లాగితే నొప్పి లేకుండా వచ్చేస్తుంది.

“సరే, మీసాల జిగురుతో ఒంటికే అంటించేస్తానండి. మీరు నిశ్చింతగా రంగు వేసుకోండి,” అని అందరి ముందూ అనేశాడు రామకోటి.

అనేసి పెట్టె తీశాడు. సీసాకి మూత లేదు, జిగురు అడుగున రాయి కట్టుకుపోయింది. పొద్దున్న వేషాల మీసాలు సరిచేసి మూత పెట్టడం మరిచిపోయింది తనే. అక్కడే నిజం చెప్పేస్తే నాడాలతో పోయేది. కానీ పాతికేళ్ళుగా రంగు పూస్తున్నవాడు, జిగురు ఎండబెట్టుకున్నానని ఎలా చెబుతాడు? పెద్దమనిషితనం అడ్డొచ్చింది. చడీచప్పుడు కాకుండా స్టేషను రోడ్డుకు వెళ్ళి, సైకిలు షాపులో పంక్చర్లకి వాడే సొల్యూషన్ పట్టుకొచ్చి, తన గిన్నెలో పిండేశాడు.

నరసరాజుగారి ఛాతీకి దట్టంగా రాస్తుంటే ఆయన ముక్కు చిట్లించారు.

“వాసన వేరేగా ఉందేమిటండీ?”

“కొత్త రకమండి.”

“కొంచెం మంటగా కూడా ఉందండీ.”

“ఆరేదాకా అలాగే ఉంటుందండి,” అన్నాడు రామకోటి. ఆయన మొహంలోకి మాత్రం చూడలేకపోయాడు.

కవచం భలే అతుక్కుంది. నిజంగా పుట్టుకతో వచ్చిందేమో అనిపించేట్టుంది. సంబరపడిపోయిన రాజుగారు రెండు చేతులూ పట్టుకుని, “మీ చేతి చలవేనండీ,” అన్నారు. ఆ మాట కంటే చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేదనుకున్నాడు రామకోటి.

తెర లేచింది. ఒక్కో పద్యమూ అయిపోతుంటే రామకోటి పక్క తెర చాటున తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ట్యూబుకి వేసిన ముక్కే బండి అరిగేదాకా ఊడదు, మరి మనిషి చర్మం మీద వేస్తే? పాపిష్టివాణ్ణి, నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏం పోయేది అని తనని తనే తిట్టుకున్నాడు.

ముసలి బ్రాహ్మడి వేషంలో ఇంద్రుడు రంగం మీదకి బయల్దేరాడు. ఆ వేషం వేసింది జోగారావు. రామకోటి గబుక్కున అతని ఉత్తరీయం పట్టుకున్నాడు.

“జోగారావుగారూ, ఈ ఒక్కసారికీ కవచం వద్దనండి. కుండలాలు చాలనండి.”

“మతి పోయిందా ఏమిటయ్యా? కవచం అడగకపోతే కర్ణుడు చచ్చేదెలా, నాటకం ముందుకి కదిలేదెలా?” అని విదిలించుకుని వెళ్ళిపోయాడు.

వెళ్ళినవాడు అడగనే అడిగాడు. నరసరాజుగారు చిరునవ్వు నవ్వి, అట్టకత్తి కవచం అంచుకి ఆనించి, ఒక్క గుంజు గుంజారు. రాలేదు. ఇంకోసారి గుంజారు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. మూడోసారి పళ్ళు బిగించి లాగేసరికి కవచం ఊడింది, దాంతోపాటు ఛాతీ మీద వెంట్రుకలూ పైచర్మమూ ఊడొచ్చాయి. నెత్తురు చుక్కలు చుక్కలుగా చిమ్మింది. రామకోటి కళ్ళు మూసుకున్నాడు. రాజుగారి గొంతు ఏడుపుతో వణుకుతూ దానం పద్యం ఎత్తుకుంది. అంత నొప్పిలోనూ చివరి రాగం దాకా పాడి, ఆయన తూలుకుంటూ పక్క తెర వైపు వచ్చారు.

బయట జనం ఒకటే గోల. ఏమని అరుస్తున్నారో రామకోటి చెవికెక్కలేదు. గబుక్కున ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

“క్షమించండి రాజుగారూ, అది మీసాల జిగురు కాదండి. నా జిగురు ఎండిపోతే చెప్పడానికి సిగ్గుపడి సైకిలు సొల్యూషన్ రాశానండి. మీ ఒళ్ళు పాడుచేశాను. కొట్టినా పడతానండి.”

నరసరాజుగారు నెత్తురంటిన కవచాన్ని రామకోటి చేతుల్లో పెట్టి, కళ్ళు తుడుచుకున్నారు.

“ఆ సొల్యూషన్ ఇంకా మిగిలితే తొందరగా రాయండి రామకోటిగారూ, జనం వన్స్ మోర్ అంటున్నారు.”