నాలుగో వాటా

"అక్కా, నా మాట విను. దీన్ని మాత్రం కొనొద్దు," అన్నాడు ఇంజనీరు ఒగుతు, చేతికంటిన నూనె ప్యాంటుకి తుడుచుకుంటూ.

రెక్క కింద స్టూలు మీద కూర్చున్న గచోకా ముసలాయన ఉలిక్కిపడలేదు. ఈ మాట వినడం ఆయనకిది ఏడోసారి. ఆ నాలుగు సీట్ల విమానానికి వాటాదార్లు నలుగురు. కళ్లు మసకలు కమ్మాయని ఈయన లైసెన్సు లాగేసుకున్నారు. శనివారంలోగా నీ వాటా ఎవరికైనా అమ్ముకో, ముగ్గురం ఖర్చులు మోయలేం, సోమవారం పాతసామాన్లవాడిని పిలిచి కాటా వేయించేస్తామని తక్కిన వాళ్లు తెగేసి చెప్పారు. ఈరోజే శనివారం. ముప్పై ఏళ్లు తనని మోసిన విమానం కాటాకెక్కుతుందంటే ఆయనకి నాలుగు రోజులుగా మొక్కజొన్న పిండితో వండే ఉగాలి ముద్ద కూడా గొంతు దిగడం లేదు.

"ఏమైంది దానికి?" అనడిగింది నసియెకు. కొంటానని వచ్చింది ఆవిడే. మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము కొట్టుకుని, పొద్దున్నే నడిచి వచ్చింది. కొనేవాళ్లు సొంత ఇంజనీరుకి చూపించుకున్నాకే కాగితాల మీద సంతకం పెట్టాలని వాటాదార్ల రూలు, అందుకని రుమురుటి టౌను నుంచి ఒగుతుని పిలిపించింది.

"ఏం కాలేదో అడుగు! మూడో సిలిండర్లో గాలి నిలవట్లేదు. వేగం చూపించే గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టాయి. చక్రాల చుట్టూ ముళ్లకంప వేసి కూడా ఎడమ టైరుని దుమ్ములగొండి కొరికింది. తలుపుకి గడియ లేదు, తీగ చుట్టారు."

"ఆ తీగ చుట్టింది నేనే," అన్నాడు గచోకా. అబద్ధమాడే ఓపిక కూడా అయిపోయిందాయనకి. "అదొక్కటే కాదమ్మా. వేడెక్కిందంటే ఇంజను దగ్గుతుంది. చలికాలం ఒక పట్టాన కదలదు. తరవాత నన్ను తిట్టుకోకు, ముందే చెప్తున్నా."

"పరవాలేదు పెద్దయ్యా."

ఒగుతు నోరెళ్లబెట్టాడు. అమ్మేవాడే వద్దంటున్నాడు, కొనేది పరవాలేదంటోంది. ఇన్నేళ్ల తన సర్వీసులో ఇలాంటి బేరం చూడలేదతను.

నసియెకు తలెత్తి పైకి చూస్తోంది. "ఈ షెడ్డు రేకులు కారతాయా?"

"విమానం గురించి అడగవేం!" అని విసుక్కున్నాడు ఒగుతు.

గచోకా మొహం మాత్రం ఆరోజు మొదటిసారి విచ్చుకుంది. ముందొచ్చిన ఆరుగురూ ఎంత వేగం పోతుంది, ఎంత నూనె తాగుతుంది అనడిగిన వాళ్లే. పాపం ఇది వానకి తడుస్తుందేమోనని బెంగపడ్డ మనిషి ఒక్కరూ లేరు. ఎర్రటి మసకలా కదులుతున్న ఆ ఆడమనిషి మీద ఆయనకి ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఒక్క చుక్క కారదు తల్లీ. రెండొందల రేకులు, దగ్గరుండి వేయించా. పడ్డ వాన పడ్డట్టు గొట్టాల్లోంచి వెనకున్న ట్యాంకులోకి పోతుంది. మొన్నటి గంట వానకే నిండిపోయింది."

"ఈ ఏడు పడ్డ వాన అదొక్కటే. అన్ని నీళ్లూ ఏం చేస్తారు?"

"దీన్ని కడుగుతాం. దుమ్ము పట్టనిస్తే రెక్కలు పాడైపోవూ?"

ఆవిడ కాగితాలు అడిగింది. "ఇందులో ఏముందో చదవండి పెద్దయ్యా."

"నాకెక్కడ కనిపిస్తుంది! నోటికొచ్చు, చెప్తా. వాటా ఉన్నవాళ్లకి విమానం మీదా, షెడ్డు మీదా, షెడ్డుకి చెందిన ప్రతిదాని మీదా సమానంగా హక్కుంటుంది. ఎప్పుడొచ్చినా, ఎంత వాడుకున్నా తక్కినవాళ్లు అడ్డు చెప్పకూడదు."

"అక్కా, మేకలమ్మిన డబ్బు అన్నావు," అన్నాడు ఒగుతు గొంతు తగ్గించి. "ఈ డొక్కు పాలు చేస్తావా?"

"ఉంచుకుంటే మాత్రం మేకలు బతుకుతాయా?" అంటూ సంతకం చేసేసింది. ఫోన్లోనే డబ్బు పంపింది. డబ్బు ముట్టినట్టు ఫోను మోగగానే గచోకా కళ్లు తుడుచుకున్నాడు. సోమవారం పాతసామాన్లవాడు రాడు. ఆయనకి అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఈ ఒక్క వారంలో పదేళ్లు పైబడ్డట్టున్న ఒంటిని స్టూలు మీంచి లేపి, తాళంచెవుల గుత్తి ఆవిడ చేతిలో పెట్టాడు.

"పొడుగుది విమానానిది. ఎప్పుడు ఎగురుతున్నావు తల్లీ? నన్ను కూడా ఓసారి పక్కన కూర్చోబెట్టుకో."

"నాకు మిద్దె ఎక్కాలంటేనే కళ్లు తిరుగుతాయి పెద్దయ్యా."

ఆవిడ గుత్తిలోంచి అన్నిటికన్నా చిన్న తాళంచెవి తీసి పట్టుకుని, రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసింది. గేటు అవతల తుమ్మపొదల వెనక నుంచి మనుషులు లేచారు. గచోకా కళ్లు చికిలించి చూశాడు. మొహాలు కనిపించలేదు గాని పసుపు రంగు కనిపించింది, ఒకటి వెనక ఒకటిగా పసుపు రంగు డబ్బాలు, నలభైకి తక్కువుండవు.

"అది ట్యాంకు కుళాయి తాళంచెవి కదమ్మా," అన్నాడాయన అయోమయంగా. "వాళ్లంతా ఎవరు?"

"నాతో కలిసి మేకలమ్ముకున్నవాళ్లు. పోయినేడు ఒక్క డబ్బా నీళ్లు పట్టుకుంటామని వస్తే, వాటాదార్లకి తప్ప చుక్క ఇవ్వమని మీరే గేటు వేసేశారు కదా పెద్దయ్యా, అందుకే వాటాదార్లమయ్యాం."