నిదానమయ్య

“నాలుగింటికి ఓడ కదుల్తుందట. అసలు మనం ఎక్కడున్నాంరా?” అంది అక్క.

తమ్ముడు ఫోనును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చివరికి తనే గుండ్రంగా తిరిగాడు.

“పది నిమిషాల నడకేనక్కా. కాకపోతే నీళ్ళ మీంచి నడవమంటోంది.”

ఆ రేవు పట్టణం అలాంటిది. ఏ వీధిలోంచి వెళ్ళినా చివర నీళ్ళే ఎదురవుతాయి. అవతలి ఒడ్డున ఓడలన్నీ వరసగా కనిపిస్తూనే ఉంటాయి. చేరడమే గగనం.

వాటిలో ఒకదాన్లో అక్క కూతురు ఉంది. ఇంజను గదిలో కొత్త ఉద్యోగం. “ఆడపిల్లవి, నీకు సముద్రమేంటే?” అని అలిగి, పిల్ల ఇంట్లోంచి బయల్దేరిన రోజున అక్క గది తలుపు తియ్యలేదు. ఆ తర్వాత ఒక్క రాత్రి కూడా సరిగ్గా నిద్రపోలేదు. ఇప్పుడు ఓడ ఈ రేవుకొచ్చింది. ఇవాళ వెళ్తే మళ్ళీ తొమ్మిది నెలలు కనపడదు. పిల్లని కళ్ళారా చూసి, అలక తీరిందని ఒక్క మాట చెప్పాలి. అంతకంటే ఏమీ అక్కర్లేదు అక్కకి.

“ఎక్కడికి వెళ్ళాలండీ?”

పక్కన ఓ పెద్దమనిషి. బట్టతల, భుజానికో సంచీ, మొహం నిండా నవ్వు.

“తూర్పు రేవుకండీ. మా అమ్మాయి ఓడ నాలుగింటికి వెళ్ళిపోతోంది.”

“నేనూ అటే. నాతో రండి, పడవెక్కితే అవతలే.”

వెంట వెళ్ళారు. వెళ్ళడమంటే వెళ్ళడం కాదు. ఆయన పళ్ళ బండి దగ్గర ఆగి కుశలం అడిగాడు. చెప్పులు కుట్టేవాడి మనవరాలికి జలుబు తగ్గిందో లేదో కనుక్కున్నాడు. దారికడ్డంగా పడుకున్న పిల్లిని కూడా పలకరించాడు.

“నిదానమే ప్రధానం అంటారుగానీ, ఈయన నిదానానికి తాతలా ఉన్నాడు,” అని అక్క అప్పటికప్పుడే నిదానమయ్య అని పేరు పెట్టేసింది.

పడవ వచ్చింది. తమ్ముడు ఒక్క గెంతు గెంతబోయాడు. ఆయన చొక్కా పట్టుకుని ఆపాడు.

“అది కాదండీ. అదెక్కితే చేపల మార్కెట్లో తేల్తారు. మనది ఇంకోటుంది. ఈలోగా టీ తాగుదాం.”

“టీ ఏంటండీ? ఓడ వెళ్ళిపోతుంది!” అంది అక్క.

“ఎక్కడికెళ్తుందండీ? అమ్మాయిని చూపించే పూచీ నాది. మీరు ఇక్కడే ఉండండి, టిక్కెట్లు తెస్తాను.”

ఆయన అటు వెళ్ళగానే అక్క మండిపడింది.

“ఓడేమన్నా ఈయన పెరట్లో కట్టేసిన గేదా, ఈయన వెళ్ళి విప్పితేగానీ కదలకపోవడానికి?”

“అటు చూడక్కా, టిక్కెట్లకని వెళ్ళి వాడెవడితోనో కబుర్లు! ఈయన్ని నమ్ముకుంటే పుట్టి మునుగుతుంది.”

చెప్పాపెట్టకుండా ఇద్దరూ టాక్సీ ఎక్కేశారు.

టాక్సీ రివ్వున వెళ్ళి వంతెన ముందు ఆగిపోయింది. కింద నుంచి ఏదో ఓడ పోవాలట, వంతెన రెండు ముక్కలై పైకి లేచింది. డ్రైవరు ఇంజను ఆపి హాయిగా ఒళ్ళు విరుచుకున్నాడు. తమ్ముడు అక్క మొహం తప్ప ఊరంతా చూశాడు.

తూర్పు రేవు గేటు చేరేసరికి నాలుగున్నర దాటింది. అక్క టాక్సీ దిగి గేటు దగ్గరున్న కాపలా అతని వైపు పరిగెత్తింది.

“వెళ్ళిపోయిందా బాబూ?”

“లేదమ్మా,” అన్నాడు కాపలా అతను. “పైలట్ గారు ఇంకా రాలేదు.”

“ఓడకి పైలటేంటి?” అన్నాడు తమ్ముడు.

“రేవులోంచి ఓడని దాటించి బయటి సముద్రంలో వదిలేది ఆయనే సార్. ఆయన ఎక్కకుండా ఎంత పెద్ద కెప్టెనైనా అంగుళం కదపకూడదు. ఆయన ఆలస్యంగా రావడం నా సర్వీసులో ఇదే మొదటిసారి.”

“ఆ బాబెవరోగానీ, వాళ్ళమ్మ కడుపు చల్లగుండ!” అని అక్క అక్కడే రెండు చేతులూ జోడించింది.

కాపలా అతను ఫోను చేశాడు. ఓడ మెట్ల మీంచి ఎవరో దడదడా దిగొచ్చారు. నారింజరంగు దుస్తులు, మొహం నిండా గ్రీజు.

“మా అమ్మాయిని కాస్త పిలుస్తావా బాబూ?” అంది అక్క.

“నేనేనే అమ్మా!”

ఇక చూసుకోండి. నవ్వో ఏడుపో తెలియదు, అక్క కొత్త బట్టల నిండా గ్రీజు మాత్రం అంటింది.

“చిక్కిపోయావే!”

“మూడు కిలోలు పెరిగానమ్మా.”

“సముద్రాన్ని చూస్తే భయం వెయ్యట్లేదటే?”

“నాకెక్కడ కనిపిస్తుంది? ఇంజను గది ఓడ అడుగునుంటుంది. నాకంటే ఎక్కువ సముద్రం నువ్వే చూసుంటావు ఇవాళ.”

అక్క ఫక్కున నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది.

“ఆ రోజు నేను బయటికి రాలేదని...”

“పరదా చాటునుంచి చూశావుగా. నేను వీధి మలుపు దాకా వెనక్కి చూస్తూనే వెళ్ళాను.”

అక్క కూతురి నుదుటి మీద, గ్రీజు మీదే, గట్టిగా ముద్దు పెట్టింది. “వెళ్ళిరా తల్లీ. ఏడు సముద్రాలూ చుట్టిరా.” గుండెల మీంచి బండ దిగినట్టయింది. ప్రపంచంలో ఆ క్షణాన అక్కంత సంతోషంగా ఉన్న మనిషి లేదు.

అంతలో గేటు దగ్గర కాపలా అతను చటుక్కున లేచి సెల్యూట్ కొట్టాడు.

“ఇంత ఆలస్యమైందేంటి పైలట్ గారూ? అందరూ కంగారు పడుతున్నారు!”

“నన్ను నమ్ముకుని ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారయ్యా. టిక్కెట్లు తెచ్చేలోపు ఎటో తప్పిపోయారు. ఊరు తెలియదు పాపం, ఈ ఓడలోనే వాళ్ళ పిల్ల ఉంది. సందుసందూ వెతికి వస్తున్నాను,” అని రొప్పుతూ, అక్క ముందు నుంచే ఓడ మెట్ల వైపు పరిగెత్తాడు నిదానమయ్య.