మందయ్యాకే అన్నం

"ఏవండీ, మందు పీల్చారా?"

రత్నమాల కంచం ముందు కూర్చుంది. అన్నంలో చెయ్యి పెట్టలేదు. మొగుడు మందు పీల్చాకే ఆవిడ ముద్ద ఎత్తేది. తాడేపల్లిగూడెం రైసుమిల్లు దుమ్ముతో ఆయాసం మొదలైన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో అదే వరస. నిన్న మందు మాట దాటేసి చూస్తే, కంచంలో అన్నం అలాగే ఎండిపోయింది.

"పీలుస్తాలే రత్నం. నువ్వు తిను."

"నా ఎదురుగా పీల్చండి. మీ మాట నమ్మితే అయినట్టే. పీల్చమని డాక్టరుగారిస్తే, గొట్టం మాత్రల్ని మజ్జిగతో మింగిన మనిషి మీరు."

ఆయన నవ్వాడు. నవ్వకపోతే ఆవిడ ఊరుకోదు.

ఆవిడే డబ్బాలోంచి ఒక గొట్టం మాత్ర తీసి, పీల్చే పంపులో పెట్టి ఇచ్చింది. ఆయన పంపు తిప్పాడు. లోపల గొట్టం టప్పుమని విడిపోయింది. ఊపిరంతా వదిలేసి, పంపు నోట్లో పెట్టుకుని గట్టిగా లాగాడు. బిగబట్టాడు.

"ఇంకాసేపు ఆపండి. కొల్లేట్లో ఒక్క మునకేసి కైకలూరు దగ్గర తేలానని పెళ్ళిచూపుల్లోనే కోశారుగా కోతలు. ఆ ఊపిరేదీ ఇప్పుడు?"

ఆపాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా ఆపాడు.

"ఊఁ, చాల్లెండి. నోరు పుక్కిలించి రండి. లేకపోతే నోరంతా పూస్తుంది."

పెరట్లో కుళాయి దగ్గర పక్కవాటా విక్టోరియా గిన్నె కడుగుతోంది. ఏలూరులో నర్సు.

"గొట్టంలో మందుందాండీ?" అంది ఆయనతో గొంతు తగ్గించి.

"లేదండీ. పొద్దున్నే అన్నీ విప్పి, పొడి పారబోసి, మళ్ళీ మూసేసి పెట్టాను."

"ఎన్నాళ్ళండీ ఇలా మోసం చేస్తారు?"

"తింటోంది కదండీ."

"ఏదో ఒకరోజు కనిపెట్టేస్తారండీ ఆవిడ."

"కనిపెడితే బాగుండునండీ. మతిమరుపు పోయినట్టేగా."

విక్టోరియా గిన్నె బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన నీళ్ళు పుక్కిలించి ఉమ్మేశాడు. మొహం తుడుచుకున్నాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

రత్నమాల పప్పు కలుపుకుంటోంది.

"ఇప్పుడు తేలిగ్గా ఉందాండీ?"

"ఉంది రత్నం."

కిందటేడు పోయిన తండ్రి చొక్కా తొడుక్కుని, ఆయన కుర్చీలోనే కూర్చున్న కొడుకు ఉదయ్, అమ్మ మొదటి ముద్ద మింగేదాకా కదల్లేదు.